ఎదుటివాడి మెడలో కెమెరా

మారకం మావయ్యకి ఉన్న జబ్బు ఒక్కటే. తన మెడలో వేలాడే కెమెరా ఆయనకి నచ్చదు, ఎదుటివాడి మెడలో వేలాడేది నచ్చుతుంది. అది మంచిదా చెడ్డదా, పాతదా కొత్తదా అన్న పట్టింపు లేదు. ఎదుటివాడిదైతే చాలు. వీధి మలుపులో ఎవరైనా కెమెరా తగిలించుకుని కనిపించారంటే మావయ్య నడక మారిపోతుంది. దగ్గరికి వెళ్ళి, ఎండ గురించి రెండు ముక్కలు మాట్లాడి, ఆ కెమెరా వంకా తన కెమెరా వంకా నాలుగుసార్లు చూసి, గొంతు తగ్గించి అడుగుతాడు. "మార్చుకుందామా?"

ఆయన కొనడు, అమ్మడు. మార్చుకుంటాడు. ఒక వారం కాపురం చేసి చూద్దాం, కుదిరితే ఉంచుకుందాం, కుదరకపోతే ఎవరిది వాళ్ళు తీసేసుకుందాం అన్నది షరతు. ఊళ్ళో ఉన్న ప్రతి కెమెరా ఏదో ఒక వారం ఆయన రంగుల కొట్టులో డబ్బాల మధ్య నిద్రపోయినదే. అమ్మానాన్నలు పెట్టిన పేరు కొట్టు బోర్డు మీద ఉంది కానీ, ఎవరైనా ఆ పేరుతో అడిగితే ఆయన భార్య కూడా ఒక్క క్షణం ఆలోచించి, "ఓ, మా ఆయనా?" అంటుంది.

జబ్బు పెళ్ళినాటికే ముదిరి ఉందని ఆవిడ సాక్ష్యం. పెళ్ళి ఫొటోలు తీయడానికి వచ్చినాయన చేతిలో కెమెరా పెళ్ళికొడుకు కంటపడింది. ఇలా ఇవ్వండి, కాసేపు చూసి ఇస్తానన్నాడు. ఆ కాసేపట్లో ఫిల్ము సగం అయిపోయింది. ఇప్పటికీ ఆ ఆల్బమ్ తెరిస్తే సగం ఫొటోల్లో పెళ్ళికూతురి పక్కన ఫొటోగ్రాఫరు నిలబడి ఉంటాడు, పాపం, బిక్కమొహం వేసుకుని.

"ఫోకస్ ఎంత బాగా కుదిరిందో చూడు" అంటాడు మావయ్య.

"ఫోకసే కుదిరింది" అంటుంది ఆవిడ.

కెమెరాల దగ్గర మొదలైన జబ్బు అక్కడితో ఆగలేదు. ఓసారి వాన కురుస్తుంటే బస్టాపులో ఎవరితోనో గొడుగు మార్చుకుని, తలనుంచి కాళ్ళదాకా తడిసి ఇంటికొచ్చాడు. కొత్త గొడుగుకి బట్ట చిరిగి ఉంది. "పిడి చూడవే, ఎంత నునుపుగా ఉందో!" అంటూ తుమ్మాడు.

ఈ మావయ్యని మావయ్య అనకుండా 'బావా' అని పిలిచే మనిషి ఒక్కడే ఉన్నాడు. టైలరు. రంగుల కొట్టుకీ టైలరు కొట్టుకీ మధ్య గోడ ఒకటే. మావయ్య ఏనాడో టైలరు భార్యని 'చెల్లెమ్మా' అన్నాడు కనుక టైలరు బావ అయ్యాడు. అంతకుమించి చుట్టరికం లేదు. ఆ వరసతో వచ్చిన హక్కుల్ని మాత్రం ఇద్దరూ వదులుకోలేదు. పొద్దున్న షట్టర్లు ఎత్తిన దగ్గరనుంచి సాయంత్రం దించేదాకా గోడకి అటూ ఇటూ నుంచి ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉంటారు.

టైలరు దృష్టిలో మావయ్య వట్టి ఆశపోతు. ఆ మాట మొహాన కూడా అనేవాడు.

"నీకు కెమెరా అక్కర్లేదు బావా. ఎదుటివాడి దగ్గర ఉండకపోతే చాలు."

"అదేం మాట బావా, దాని బదులు నాది ఇస్తున్నానుగా!"

"నీది నీదెక్కడ? పోయినవారం పళ్ళ డాక్టరుది."

టైలరుకి ఉన్నది ఒకటే కెమెరా. దానికి ముందు పాతకాలపు లోహపు లెన్సు. బటన్ నొక్కితే కెమెరాయే ఫోకస్ చేసుకునే రోజుల్లో కూడా ఆయన ఆ లెన్సు రింగుని వేళ్ళతో తిప్పి, కెమెరా వెనకున్న చిన్న కిటికీలోంచి చూస్తూ, బొమ్మ తేటపడిన చోట ఆపి తీస్తాడు. "ఫోకస్ కూడా మెషినే చేసేస్తే ఇంక నేను ఎందుకు, స్టాండుకి బిగించి ఇంటికి పోవచ్చుగా" అంటాడు. కుడికన్ను పెట్టి, ఎడమకన్ను మూసి, నోరు కొంచెం తెరిచి ఆయన ఆ రింగు తిప్పుతున్నప్పుడు పక్కన బాణాసంచా పేలినా వినపడదు.

ఆదివారం పొద్దున్న ఈ కెమెరాల పిచ్చివాళ్ళంతా పళ్ళ డాక్టరు ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదిలో కలిసేవారు. ఆ రోజు ఆసుపత్రికి సెలవు. డాక్టరు దగ్గర అన్నిటికంటే కొత్త కెమెరా ఉండేది. అంతకంటే కొత్తది వస్తే ఆయనకి నిద్రపట్టేది కాదు. లైబ్రరీలో పనిచేసే మేడమ్ దగ్గర కోటు జేబులో పట్టే బుల్లి కెమెరా ఉండేది. బరువు మోసేవాళ్ళందరినీ ఆవిడ జాలిగా చూసేది. ఇంకా ఒకరిద్దరు వచ్చేవారు, పోయేవారు.

ఆ గదిలో గోడనిండా పెద్ద పంటి బొమ్మ ఒకటి ఉంది. దవడ పన్ను, నిలువునా కోసి, లోపలి పొరలతో సహా. లెన్సు ఎంత స్పష్టంగా తీస్తుందో తేల్చుకోవాలంటే సన్నటి అక్షరాలున్న బొమ్మ కావాలి కదా. బయట పూలున్నాయి, పిల్లలున్నారు, వెలుగున్న వీధి ఉంది. వీళ్ళు మాత్రం ఒకరి తర్వాత ఒకరు అదే కుర్చీలో కూర్చుని అదే పన్నుని తీసి, తెర మీద పెద్దది చేసి, దాని మూలాల కింద రాసిన అక్షరాలు ఎవరి ఫొటోలో చదవడానికి వస్తున్నాయో చూసుకుని పోట్లాడుకునేవారు. ఇంట్లో వాళ్ళు "ఏం తీశారు ఈవేళ?" అని అడిగితే "పన్ను" అనేవారు. అడగడం మానేశారు.

మారకం మావయ్య ఈ గదిలో రాజు. ఎవరి కెమెరా దొరికినా ముందు వాసన చూసేవాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బటన్ నొక్కి చప్పుడు వినేవాడు. "గొంతు బాగుంది" అనేవాడు, లేకపోతే "జలుబు చేసింది" అనేవాడు. అన్నీ అయ్యాక కిటికీలో కన్ను పెట్టేవాడు. కిటికీ పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. ఎవరి చూపుకి తగ్గట్టు వాళ్ళు దాన్ని అటో ఇటో తిప్పి పెట్టుకుంటే అద్దాలు లేకుండా కూడా బొమ్మ తేటగా కనిపిస్తుంది. ఒకరి కంటికి కుదిరింది ఇంకొకరికి కుదరదు. మావయ్య ప్రతి కెమెరా చక్రాన్నీ తన కంటికి తిప్పేసుకుని, అలాగే తిరిగిచ్చేవాడు.

"మావయ్యా! మళ్ళీ నా చక్రం తిప్పేశారు! అంతా మసక!" అని గదిలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు గోలపెట్టాల్సిందే.

"మసక కాదమ్మా, మెత్తదనం. కళాత్మకంగా ఉంటుంది" అనేవాడు మావయ్య, ఇంకోళ్ళ కెమెరా వాసన చూస్తూ.

ఇలా సాగుతుండగా టైలరు పన్ను మసకబారింది. గోడ మీది పన్నే, ఆయన తీసిన ఫొటోలో.

మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆదివారం కూడా అదే వరస. అందరి ఫొటోల్లో అక్షరాలు చదవడానికి వస్తుంటే టైలరు ఫొటోలో దవడ పన్నుకి పొగమంచు పట్టింది. టైలరు తెర తుడిచాడు. లెన్సు తుడిచాడు. లెన్సు విప్పి ఊది మళ్ళీ బిగించాడు. పన్ను మారలేదు.

"లెన్సు పోయింది" అన్నాడు పళ్ళ డాక్టరు, పన్ను పీకాల్సిందే అని చెప్పే గొంతుతోనే. "లోపల అద్దం జరిగింది. ఇక అది పనికిరాదు. కొత్తది తీసుకోండి, నేను వాడేది లాంటిది."

"బిగింపు వదులైందేమో" అంది మేడమ్.

"ఎండకి వ్యాకోచించిందేమో" అన్నారు ఇంకెవరో.

లెన్సులో ఉండగల రోగాలన్నీ ఆ పూట బయటికొచ్చాయి. టైలరు అన్నిటికీ తలూపాడు. లెన్సుది తప్పని ఎవరన్నా ఆయనకి హాయిగానే ఉంది. ఎందుకంటే ఆయనకి లోపల ఇంకో అనుమానం ఉంది. కొట్టులో నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టే పని వస్తే కొన్నాళ్ళుగా పక్కకి పెడుతున్నాడు. సూదిలోకి దారం భార్య ఎక్కించి ఇస్తోంది. "ఈమధ్య సూదులకి బెజ్జాలు చిన్నవి పెడుతున్నారు" అని ఆయన, "అవునవును" అని ఆవిడ అనుకుని ఆ సంగతి అక్కడితో మూసేశారు. చూపు పోతే టైలరుకి ఇంకేం మిగులుతుంది? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయన లేచి వెళ్ళి లెన్సు తుడిచేవాడు.

అందుకే ఆ రోజు లైబ్రరీ మేడమ్ మెల్లగా, "ఏమీ అనుకోకపోతే, ఒకసారి కళ్ళు చూపించుకోకూడదూ?" అనేసరికి టైలరుకి ఒళ్ళు మండిపోయింది.

"నా కళ్ళకేం వచ్చిందండీ? రోజూ సూదీ దారంతో బతికేవాణ్ణి! పుస్తకాలకి నంబర్లు వేసేవాళ్ళు నా కళ్ళ గురించి చెబుతారా?" అని కెమెరా సంచీలో పడేసుకుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

సోమవారం పొద్దున్న మారకం మావయ్య టైలరు కొట్టులోకి వచ్చి, కుట్టుమిషను మీదున్న బట్ట పక్కకి జరిపి, తన కెమెరా దాని మీద పెట్టాడు.

"మార్చుకుందామా?"

"ఆ లెన్సు పోయింది బావా. డాక్టరు చెప్పాడుగా."

"పోయినదే కావాలి. బాగున్నవి చూసి చూసి మొహం మొత్తింది."

టైలరు ఇచ్చేశాడు. మావయ్య వాసన చూశాడు, చప్పుడు విన్నాడు, కన్ను పెట్టాడు. చక్రం మీద వేలు వేశాడు. దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి "బాగుంది" అని ఒక్క ముక్క అని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే పన్ను ఫొటో తెచ్చి చూపించాడు. అదే లెన్సుతో మావయ్య తీసింది. అక్షరాలు కళకళలాడుతున్నాయి.

"లెన్సు బాగైపోయింది బావా. నా కొట్టులో టర్పెంటైన్ గాలి తగిలిందేమో."

టైలరు ఫొటోని కంటికి దగ్గరగా పట్టుకున్నాడు. లెన్సు బాగుంటే తప్పు ఇంకెక్కడుంది? ఆ సంగతి మొహంలో కనపడకుండా, "చూశావా, నా లెన్సు గురించి నేను చెప్పలే?" అన్నాడు. నవ్వబోయాడు కానీ కుదరలేదు.

మావయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బావా, ఇన్నేళ్ళుగా మనం ఏం పోల్చుకుంటున్నాం?"

"కెమెరాలు. మతి పోయిందా?"

"కెమెరా వెనకాల ఏముంటుంది?"

"నీలాంటి వెధవ మొహం."

"మొహంలో కన్నుంటుంది. అదీ లెన్సేగా! దాన్ని ఒక్కసారైనా పోల్చుకున్నామా? నా కన్ను గొప్పదో నీ కన్ను గొప్పదో ఎవరు తేల్చారు?"

"తేల్చడం దేనికి? నాదే."

"అలాగైతే పందెం. కంటి డాక్టరమ్మ దగ్గర మెషిన్లున్నాయి. ఇద్దరం కూర్చుందాం. నీ కన్ను గెలిస్తే రెండు కళ్ళ కెమెరా నీది, ఓడితే నీ లెన్సు నాది."

టైలరు చేతిలో కత్తెర ఆగిపోయింది. రెండు కళ్ళ కెమెరా అంటే మావయ్య భార్య పుట్టింటినుంచి తెచ్చుకున్నది. పైన ఒక లెన్సు, కింద ఒక లెన్సు, తల వంచి పైనుంచి చూసి తీయాలి. మావయ్య దాన్ని కూడా ఎక్కడ మార్చేస్తాడోనని ఆవిడ బీరువాలో పెట్టి తాళం కొంగుకి కట్టుకుంది. దాని కోసం టైలరు ఎన్నేళ్ళుగా గుటకలు మింగుతున్నాడో గోడకి కూడా తెలుసు.

"అక్క ఒప్పుకుందా?"

"తాళం తనే తీసిచ్చింది."

వద్దంటే భయపడ్డట్టు. సరేనంటే దొరికిపోయినట్టు. టైలరు అటూ ఇటూ చూశాడు. గుడ్డలకి కాజాలు కుడుతున్న భార్య తల ఎత్తలేదు కానీ, ఆవిడ సూది మాత్రం ఆగింది. "సరే" అన్నాడు టైలరు.

కంటి ఆసుపత్రిలో టేబుల్ దగ్గర కూర్చున్నావిడ మావయ్యని చూడగానే నవ్వింది.

"రండి రండి! ఈసారి ఎవర్ని తీసుకొచ్చారు?"

"ఈసారా?" అన్నాడు టైలరు.

"పోయినసారి లైబ్రరీ మేడమ్‌ని తెచ్చారు. అంతకుముందు పళ్ళ డాక్టరు గారిని. ఆయన పందెం ఓడిపోయానని ఎంత గొడవ చేశారనుకున్నారు!"

మావయ్య గోడ మీది క్యాలెండరుని అత్యంత శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. పళ్ళ డాక్టరు కొత్త కళ్ళద్దాలు పెట్టుకొచ్చి "ఇప్పుడిది ఫ్యాషన్" అని చెప్పుకున్న ఆదివారం టైలరుకి గుర్తొచ్చింది. కానీ దాని గురించి ఆలోచించే తీరిక లేదు, ఆయనకి వేరే పని ఉంది. లోపల ముందు రోగి బోర్డు మీది అక్షరాలు గట్టిగా చదువుతున్నాడు, తలుపు ఓరగా తీసే ఉంది. టైలరు పెదాలు కదుపుతూ వరసగా అన్నీ బట్టీపట్టేశాడు. చిన్నప్పుడు బళ్ళో ఇంత శ్రద్ధ చూపించి ఉంటే డాక్టరు అయ్యేవాడే.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ ఎడమకన్ను మూయించింది. "బోర్డు మీద ఏం కనిపిస్తోందో చెప్పండి" అనే మాట ఆవిడ నోట్లోంచి పూర్తిగా రాకముందే టైలరు మొదలుపెట్టి, పై వరసనుంచి కింది వరసదాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేశాడు. ఒక్క అక్షరం తప్పులేదు.

డాక్టరమ్మ కాసేపు ఆయన వంకే చూసింది.

"చాలా బాగా చెప్పారండీ. కానీ నేను ఇంకా బోర్డు లైటు వేయలేదు."

మావయ్య వెనక నుంచి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. టైలరు చెవులు ఎర్రబడ్డాయి. లైటు వెలిగింది. ఈసారి కుడికంటికి బోర్డు బదులు తెల్లటి పొగ ఒకటి కనిపించింది. పై అక్షరం ఒకటి ఉన్నట్టుంది. ఏమిటో తెలియలేదు. టైలరు చాలాసేపు చూశాడు.

"కనిపించడం లేదమ్మా" అన్నాడు చివరికి. ఆ మాట ఆయన మొదటిసారి బయటికి అనడం. అనేశాక ఏదో బరువు దిగినట్టయింది. "ఇక కుట్టలేనా?"

డాక్టరమ్మ మెషిన్‌తో చూసింది, చుక్కలు వేసి చూసింది, ఇంకో మెషిన్‌తో చూసింది. "శుక్లం" అంది. "కుడికంట్లో బాగా ముదిరింది, ఎడమ కంట్లోనూ మొదలైంది. ఇంత ముదిరేదాకా ఎందుకు ఊరుకున్నారు? కంట్లో మీ సొంత లెన్సు మసకబారిపోయింది. దాన్ని తీసేసి కొత్త లెన్సు పెడతాను. కన్ను లోపల మిగతాదంతా బాగుంది. చక్కగా కుట్టుకుంటారు."

టైలరు కుర్చీలోనే కూలబడి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలాడు. చూపు పోయిందనే ఆయన ఇన్నాళ్ళూ నమ్మాడు. నమ్మాడు కనుకే డాక్టరు గుమ్మం ఎక్కలేదు. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే కోపమొచ్చింది.

బయటికొచ్చాక మావయ్యని నిలదీశాడు.

"నీకు ముందే తెలుసు కదూ?"

"నాకేం తెలుసు? నేనేమన్నా డాక్టర్నా?"

"బావా!"

మావయ్య కాలితో గులకరాయిని తన్నాడు.

"నీ కెమెరా నా చేతికొచ్చిన ప్రతిసారీ ఆ చక్రం ఇంకొంచెం అవతలికి పోయి ఉండేది. నేను నా కంటికి వెనక్కి తిప్పుకునేవాణ్ణి. మళ్ళీసారి చూస్తే ఇంకా అవతల. మొన్న చూస్తే ఇక తిరగడానికి చోటు లేదు. కొసకి పోయి కూర్చుంది. మేడమ్‌దీ అంతే అయింది, డాక్టరుదీ అంతే. నోటితో చెబితే ఎవరు వింటారు? మేడమ్ మర్యాదగా చెప్పింది, నువ్వు తలుపు విరగ్గొట్టావు."

"అయితే ఇన్నేళ్ళూ అందరి కెమెరాలూ మార్చింది అందుకా?"

"ఛ ఛ! కెమెరాల మీద ఆశతోనే" అన్నాడు మావయ్య నొచ్చుకుని. "నన్ను మరీ మంచివాణ్ణి చేయకు బావా, ఊళ్ళో తలెత్తుకోలేను. కన్ను పెట్టినప్పుడు కనపడింది, అంతే."

"మరి పందెం? నేను ఓడిపోయాను. లెన్సు నీది."

"చెల్లదు. చెడిపోయిన సామానుతో ఆడావు. బాగుచేయించుకో, మళ్ళీ ఆడదాం."

ఆపరేషను అయింది. కట్టు విప్పిన రోజు టైలరు గది కిటికీలోంచి ఎదుటి మేడని చూశాడు. ఇటుకకీ ఇటుకకీ మధ్య గీత కనిపించింది. ఆరేసిన దుప్పటి అంచు కుట్టు కూడా కనిపించింది. "ఎవడు కుట్టాడో కానీ చేతకాదు వాడికి" అన్నాడు. పక్కన ఉన్న భార్య చెంగుతో కళ్ళొత్తుకుని నవ్వింది.

కొన్నాళ్ళకి డాక్టరమ్మ సరేనన్నాక టైలరు ఆదివారం పళ్ళ డాక్టరు గదికి వెళ్ళాడు. ముందు లైబ్రరీ మేడమ్ దగ్గరికి వెళ్ళి, "ఆ రోజు నోరు జారానండీ" అన్నాడు. "నా కళ్ళ మాట ఎత్తితే నేను మావయ్యని పుస్తకాల బీరువా ఎక్కి కూర్చుని మరీ తిట్టాను లెండి, దిగనన్నాను, మీరు నయం" అంది ఆవిడ. తర్వాత ఆయన, మావయ్య తిరిగిచ్చిన తన కెమెరాతో కుర్చీలో కూర్చుని, కన్ను పెట్టి, చక్రం తనకి తగ్గట్టు తిప్పి, రింగు తిప్పి, పన్నుని తీశాడు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా నిలబడ్డాయి. ఆ రోజుకి అదే అన్నిటికంటే మంచి పన్ను.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. మావయ్య టైలరు కుడికంట్లోకి అంగుళం దూరంనుంచి తొంగిచూశాడు.

"కొత్త లెన్సు పెట్టించుకున్నావా బావా! ఎవరు చేసింది? అద్దమేనా? దీనికి పూత ఉందా?"

పళ్ళ డాక్టరు కూడా వచ్చి చూశాడు. తనకంటే కొత్త లెన్సు ఇంకొకరి దగ్గర ఉండటం ఆయన భరించలేకపోయాడు. "నాకెప్పుడు వస్తుందో శుక్లం" అని నిట్టూర్చాడు. మావయ్య పరిస్థితి మరీ ఘోరం. ఎదుటివాడి దగ్గర ఉంది, బ్రహ్మాండంగా ఉంది, మార్చుకోవడానికి దారిలేదు. గదిలో అటూ ఇటూ పచార్లు చేశాడు. మళ్ళీ వచ్చి చూశాడు. "వారానికే అడుగుతున్నాను బావా" అన్నాడు దీనంగా. గది గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

టైలరూ నవ్వుతున్నాడు. నవ్వుతూనే, అంగుళం దూరంలో ఉన్న మావయ్యని కొత్త కంటితో మొదటిసారి దగ్గరగా చూశాడు. చూసి, నవ్వు ఆపేశాడు.

మావయ్య ఒంటి మీద నీలం గళ్ళ చొక్కా ఉంది. దాని కాలరు ఒక పక్క పైకి లేచి, ఇంకో పక్క కిందికి దిగి ఉంది. గళ్ళు ఎక్కడా కలవలేదు. ఒక బొత్తం కాజాకి వేలెడు కింద కుట్టి ఉంది, అందుకని చొక్కా మధ్యలో ఉబ్బి నిలబడింది. ఎడమ చెయ్యి పొడుగు, కుడి చెయ్యి పొట్టి. అలాంటి చొక్కాని టైలరు తన జన్మలో చూడలేదు. లోపల మెడ దగ్గర కుట్టిన గుర్తు మాత్రం తన కొట్టుదే.

"ఇది ఎప్పుడు కుట్టాను?"

"ఏది?" అన్నాడు మావయ్య, కాలరు మీద చెయ్యి పెట్టుకుంటూ.

"చెప్పు బావా."

"చాన్నాళ్ళయింది. ఏడాదేమో."

"ఏడాదిగా ఇది వేసుకుని తిరుగుతున్నావా?"

"చొక్కా ఉన్నది వేసుకోవడానికేగా!"

టైలరు మావయ్య రెక్క పట్టుకుని, గదిలోంచి లాక్కుని, వీధిలో నడిపించుకుంటూ కొట్టుకి తీసుకొచ్చి షట్టరు ఎత్తాడు. భార్య లోపలినుంచి వచ్చింది. టైలరు ఆ చొక్కాని ఆవిడకి చూపించాడు.

"ఇలాంటివి ఇంకెంతమందికి కుట్టాను?"

"ఎవరికీ లేదు" అంది ఆవిడ. "మీరు భోజనానికి లేచినప్పుడల్లా విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. అన్నీ సరిచేసే పంపాను. ఇదొక్కటే, అన్నయ్య నేను చూసుకోకముందే తీసుకుపోయారు. మర్నాడు సరిచేసి ఇస్తాను అన్నయ్యా అని అడిగితే ఇవ్వలేదు."

"ఎందుకిస్తాను?" అన్నాడు మావయ్య. "నేను విప్పి ఇస్తే రేపు ఈయన అడుగుతాడు, చొక్కా ఏది బావా, నచ్చలేదా అని. అప్పుడు నేనేం చెప్పాలి? వేసుకుని తిరిగితే గొడవలేదు. అందరూ నేను ఎవరి చొక్కానో మార్చుకున్నాననే అనుకున్నారు."

టైలరు కాసేపు గోడ వంక తిరిగి నిలబడ్డాడు. ఆశపోతు అని తను ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఆ మనిషి మీద ఇప్పుడు పొంగుకొచ్చిన ప్రేమని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. ముక్కు ఎగబీల్చి, ఇటు తిరిగి, చెయ్యి చాపాడు.

"విప్పు."

"ఇప్పుడా? లోపల బనీను చిరిగింది బావా."

"విప్పమన్నానా?"

మావయ్య చొక్కా విప్పి ఇచ్చి, చిరిగిన బనీనుతో స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. టైలరు చొక్కాని వెలుగులోకి పట్టుకుని, కత్తెర మొనతో కాలరు కుట్లు ఒక్కొక్కటే కోసి లాగడం మొదలుపెట్టాడు. దారాలు నేలమీద పడుతుంటే మావయ్య మెడ సాచి కంగారుగా చూశాడు.

"మరీ తిన్నగా కుట్టకు బావా. ఎడమ పక్క కాస్త దించి ఉంచు. ఏడాదిగా మెడ అటే అలవాటు పడింది."

"నోరు మూసుకుని కూర్చో" అన్నాడు టైలరు, తల ఎత్తకుండా.